రహీం సాబ్ ఎడమ కాలి పోటీలు

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. వాడిది కుడి కాలి వాటం. వాళ్ల కోచ్ సార్ వారానికో రోజు ఎడమ కాలితోనే ఆడమంటున్నారు. ఆ రోజు ఏడుపు మొహంతో ఇంటికొస్తాడు. అడిగితే ‘ఇది రహీం సాబ్ పద్ధతండీ’ అన్నారు. ఎవరాయన? బ్రెజిల్ కంటే ముందే 4-2-4 కనిపెట్టారట, నిజమేనా?
– ఒక తండ్రి, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ కోచ్ గారికి నా నమస్కారం చెప్పండి. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్ వారే. బడి పంతులుగా మొదలై హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేశారు. 1950 నుంచి 1954 దాకా బొంబాయి రోవర్స్ కప్పు ఆ జట్టుదే. భారత జట్టుకు ఆయన కోచ్‌గా ఉండగా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు వచ్చాయి.

ఇక 4-2-4, అంటే వెనక నలుగురు డిఫెండర్లు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఫార్వర్డ్‌లు ఉండే అమరిక. బ్రెజిల్ ఆ పద్ధతిలో ప్రపంచకప్ గెలిచింది 1958లో. రహీం గారు అంతకుముందే ఫార్వర్డ్‌ని వెనక్కి దింపి ఆడించారన్నది చాలామంది మాట. అయితే 1953లో హంగరీ అలాంటి ఎత్తుతోనే లండన్‌లో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. అందుకే ‘ఎవరు ముందు’ అనే తగవులో నేను దూరను. ఆయన కోచ్‌గా ఉన్న 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనది నాలుగో స్థానం. నిజం చెప్పాలంటే అక్కడ మనం గెలిచింది ఒక్క మ్యాచే, ఆస్ట్రేలియా మీద 4-2. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు.

నా లెక్కలో ఆయన అసలు పని హైదరాబాద్ కుర్రాళ్లకు పెట్టిన పోటీలు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ పోవడం) చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇవ్వాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఒక్క కాలి వాటంతోనే ఆడేవాడు ప్రతి బంతినీ ఆ కాలి వైపు తిప్పుకుంటాడు. ఆ తిప్పుకునేలోపే డిఫెండర్ మీదికొచ్చేస్తాడు. ఇక్కడ రైల్వే గ్రౌండ్‌లో చూడండి, మంచి వేగమున్న కుర్రాళ్లు కూడా అక్కడే దొరికిపోతారు.

ఆటగాణ్ణి ఒక్క చోటికే కట్టేయకపోవడం ఆయనకు జకార్తా ఆసియా క్రీడల్లోనూ పనికొచ్చింది. 1962లో స్టాపర్ (వెనక మధ్యలో నిలబడి అడ్డుకునే డిఫెండర్) జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటివాణ్ణి ముందుండి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. అప్పటికే రహీం గారు క్యాన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్‌లో పోయారు.

బాబుని మాన్పించకండి. ఇంట్లో గోడకేసి రోజూ కాసేపు ఎడమ కాలితో చిన్న పాస్‌లు కొట్టించండి, గట్టి షాట్లు వద్దు. ఆదివారం ఆర్కే బీచ్‌కు తీసుకెళ్తే తడి ఇసుక మీద మీరూ ఎదురు నిలబడండి. నీళ్లలోకి మాత్రం వద్దు, అక్కడి అలల సంగతి మీకు తెలిసిందే. గ్రౌండ్‌లో బూట్లు తప్పనిసరి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ తర్వాతే బూట్లు కచ్చితమయ్యాయి. అలాగని ‘ఎదిగే పిల్లాడు కదా’ అని ఒక సైజు పెద్దవి కొనకండి. వదులు బూటులో ఎడమ కాలే కాదు, కుడి కాలూ మాట వినదు.