కొలెస్ట్రాల్‌కు సహజ మందులు: స్టాటిన్ మాత్ర మానేసి వీటిని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. ఆరేళ్లుగా షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈమధ్య చేయించిన లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 244, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్లు 190 వచ్చాయి. డాక్టరు గారు అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు గానీ, కండరాలు దెబ్బతింటాయని, మొదలుపెడితే మానలేమని విని వేసుకోలేదు. అమెరికాలో ఉన్న మా అల్లుడు రెడ్ ఈస్ట్ రైస్ క్యాప్సూల్స్ పంపించాడు. వాటితోపాటు వెల్లుల్లి, మెంతులు, ఇసబ్గోల్ తీసుకుంటే సరిపోదా? నెలకోసారి అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిచే వెళ్తాను, పెద్దగా ఆయాసం రాదు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు (మీకు రాసిన అటోర్వాస్టాటిన్ అలాంటిదే) వద్దని మీరు పక్కన పెట్టారు గానీ, మీ అల్లుడు గారు పంపిన సీసాలో ఉన్నదీ ఒక రకంగా స్టాటినే. బియ్యాన్ని ఎర్రని బూజుతో పులియబెట్టి తయారుచేసే ఈ రెడ్ ఈస్ట్ రైస్‌లో మొనాకోలిన్-కె అనే పదార్థం ఉంటుంది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన లోవాస్టాటిన్ అనే మందూ, ఇదీ రసాయనికంగా ఒకటే. అందుకే ఇది కొందరిలో కొలెస్ట్రాల్‌ను నిజంగానే తగ్గిస్తుంది, అందుకే మీరు భయపడుతున్న కండరాల నొప్పి దీనితోనూ రావచ్చు. మాత్రలో మందు ఎంత ఉందో అట్ట మీద కచ్చితంగా రాసి ఉంటుంది. ఈ క్యాప్సూల్స్‌లో మాత్రం అది కంపెనీని బట్టి మారిపోతుంది, కొన్నింటిలో దాదాపు ఏమీ ఉండదు. పైగా తయారీలో జాగ్రత్త లోపిస్తే సిట్రినిన్ అనే విషపదార్థం చేరి మూత్రపిండాలకు హాని చేయవచ్చు. షుగర్ ఉన్నవారికి మూత్రపిండాల విషయంలో ఉన్న ముప్పు చాలదా? మొనాకోలిన్ల మోతాదు రోజుకు 3 మిల్లీగ్రాములకు లోపే ఉండాలని యూరోపియన్ యూనియన్ 2022లో నిబంధన పెట్టింది. ఆ సీసాను పక్కన పెట్టండి. అటోర్వాస్టాటిన్‌తో కలిపి మాత్రం అసలు వేసుకోవద్దు.

మీరు చెప్పినవాటిలో నేను మనస్ఫూర్తిగా సరేననేది ఇసబ్గోల్ ఒక్కదానికే. అందులోని కరిగే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని మలంతో బయటికి పంపుతుంది. పోయిన పైత్యరసాన్ని తిరిగి తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది కాబట్టి ఎల్‌డీఎల్ కొంత తగ్గుతుంది. రోజుకు 7 నుంచి 10 గ్రాములు క్రమం తప్పకుండా తీసుకుంటే సుమారు 5 నుంచి 10 శాతం తగ్గుదల ఆశించవచ్చు. దీన్ని రెండు పూటలుగా, నిండు గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే, జిగురుగా చిక్కబడకముందే తాగాలి. తక్కువ నీళ్లతో మింగితే గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. మిగతా మాత్రలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. ఓట్స్‌తోనూ ఇలాంటి ప్రయోజనమే ఉంటుంది గానీ, సంగటి మానేసి ఓట్స్ తినాలని నేను చెప్పను. సంగటిలో బియ్యం తగ్గించి, ముద్ద పరిమాణం తగ్గించి, ఆకుకూర పప్పు ఎక్కువ వేసుకుంటే మీ ట్రైగ్లిజరైడ్లకూ మంచిదే.

వెల్లుల్లి వంటలో ఎంత వేసుకున్నా అభ్యంతరం లేదు. క్యాప్సూల్స్‌గా ఎక్కువ మోతాదులో తీసుకుంటే మాత్రం, ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారిలో, రక్తస్రావం పెరగవచ్చు. మెంతుల్లోనూ కరిగే పీచు ఉంది. అయితే మీరు గ్లిమిపిరైడ్ వాడుతున్నారు కనుక, మెంతిపొడి చెంచాల కొద్దీ మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు, గమనించుకోవాలి. చేపనూనె, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్ (మొక్కల నుంచి తీసే కొవ్వు లాంటి పదార్థాలు), రెడ్ ఈస్ట్ రైస్, ఈ ఆరింటినీ 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్‌తో పోల్చిన అమెరికన్ అధ్యయనం ఫలితాలు 2022లో వెలువడ్డాయి. నాలుగు వారాల్లో రోసువాస్టాటిన్ ఎల్‌డీఎల్‌ను సుమారు 38 శాతం తగ్గించగా, ఆ ఆరింటిలో ఏదీ ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గంతగా తగ్గించలేకపోయింది. నాలుగు వారాలు తక్కువ వ్యవధి అనవచ్చు, నిజమే. కానీ మాత్ర పనిచేసిందీ ఆ నాలుగు వారాల్లోనే కదా.

ఇక మీ విషయం. షుగర్ ఉండి, 50 దాటి, హెచ్‌డీఎల్ 38 ఉన్నవారికి ఎల్‌డీఎల్ 70 లోపు ఉండేలా చూస్తాం. 168 నుంచి అక్కడికి చేరాలంటే సగానికి పైగా తగ్గాలి. ఇసబ్గోల్ ఎంత బాగా పనిచేసినా 150 దగ్గరే ఆగిపోతుంది. అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములే సుమారు 35 శాతానికి పైగా తగ్గిస్తుంది. అదీ చాలకపోతే మీ డాక్టరు మోతాదు పెంచుతారు. మాత్రకు తోడుగా ఇసబ్గోల్ వాడండి, బదులుగా కాదు. మానలేమన్న మాట వ్యసనం గురించి చెప్పినట్లు వినిపిస్తుంది గానీ, ఆపితే జరిగేది కొలెస్ట్రాల్ మళ్లీ పాత అంకెకు చేరడమే. కండరాలు తీవ్రంగా దెబ్బతినడం చాలా అరుదు. నొప్పి, నీరసం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వెంటనే చెప్పండి, కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీపీకే అనే రక్తపరీక్ష చేయిస్తారు.

మెట్లెక్కినప్పుడు ఆయాసం రాకపోవడం సంతోషమే, కానీ రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు చాలా ఏళ్లు ఏ లక్షణమూ చూపదు. నెలకోసారి ఎక్కే కొండ కంటే, వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవడమే ఎక్కువ మేలు చేస్తుంది.

మాత్ర మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), లివర్ ఫంక్షన్, క్రియాటినిన్ (మూత్రపిండాలు) పరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా కొలెస్ట్రాల్ పెరుగుతుంది, అప్పుడు ముందు దానికి వైద్యం కావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించి ఆ రిపోర్టుతో మీ డాక్టరును కలవండి. ఇంట్లో ఉన్న పొడులు, క్యాప్సూల్స్ సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్తే ఇంకా మంచిది.