ఒక్క సర్వర్‌కు ప్రొమిథియస్ మరీ ఎక్కువ అవుతుందా?

మహబూబ్‌నగర్‌లో ఒక ల్యాబ్ ఉబుంటు సర్వర్‌ను ఒక్కరే చూసుకుంటున్నానని, దానికి ప్రొమిథియస్ (సర్వర్ మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్) వేస్తే మరీ ఎక్కువవుతుందేమోనని అడిగారు. ఎక్కువేం కాదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సర్వర్‌కు నేను అదే వేశాను. వేయడం గంట పని. అలర్ట్ ఎవరి ఫోన్‌కు, ఏ దారిన రావాలో తేలడానికే నాకు నెల పట్టింది.

ఎందుకు వేశానో ముందు చెప్తా. యాసంగి వడ్లు దిగే రోజులు. కాంటా మీది బరువు నేరుగా సర్వర్‌లోకి ఎక్కుతుంది, అక్కడి నుంచే చిట్టీ ప్రింట్ అవుతుంది. ఓ పొద్దున ఆరింటికి ఫోన్: "సార్, చిట్టీ వస్తలేదు." నేను వెళ్లేసరికి ట్రాక్టర్ల వరుస రోడ్డెక్కింది. డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోయింది. నింపింది నేనే. రాత్రి బ్యాకప్‌కు స్క్రిప్ట్ పెట్టి, పాత ఫైళ్లు తీసేసే లైను రాయడం మర్చిపోయాను. రెండు గంటలు చేత్తో చిట్టీలు రాశారు. "కంప్యూటర్ రాకముందు కాంటా ఎప్పుడన్నా ఆగిందా?" అని సేటు అడిగాడు. ఏం చెప్తాం?

ఇక మీ సంగతి. ప్రొమిథియస్, నోడ్ ఎక్స్‌పోర్టర్, అలర్ట్‌మేనేజర్ మూడింటినీ ఉబుంటులో సాఫ్ట్‌వేర్ వేసే ఆప్ట్ కమాండ్‌తోనే వేసేయండి. వెర్షన్ కాస్త పాతది వస్తుంది, ఫర్వాలేదు. వేరే యూజర్‌ను పెట్టడం, సర్వీస్ ఫైల్ రాయడం లాంటి చాకిరీ తప్పుతుంది. 9100 పోర్టులో ఎక్స్‌పోర్టర్ సర్వర్ లెక్కలు చూపిస్తుంది. 9090లోని ప్రొమిథియస్ వాటిని చదివి దాచుకుంటుంది, హద్దు దాటితే 9093లోని అలర్ట్‌మేనేజర్‌కు చెప్తుంది. మీకు మెసేజ్ పంపేది అది. వేరే డేటాబేస్ అక్కర్లేదు. ఇలాంటిదే అయిన జాబిక్స్‌కు అది కావాలి, దాన్ని వద్దనుకున్నది అందుకే. మనం ఏమీ మార్చకపోతే 15 రోజుల లెక్కలు ఉంచుకుంటుంది, చాలు. ఈ పోర్టులకు మామూలుగా పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి రౌటర్‌లో బయటికి తెరవకండి. కాన్ఫిగ్ ఫైల్‌లో ట్యాబ్ కొట్టొద్దు, స్పేసులే. మార్చిన ప్రతిసారీ ప్రొమిథియస్‌తో పాటే వచ్చే ప్రామ్‌టూల్‌తో తప్పులున్నాయేమో చెక్ చేశాకే రీలోడ్. ఈ లెక్కల్ని గ్రాఫులుగా చూపించే గ్రాఫనా తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు.

అలర్ట్ ఎప్పుడు మోగాలో చెప్పే రూల్స్ దగ్గర నేను తప్పు చేశాను. నెట్‌లో దొరికిన ఫైల్ మొత్తం దించుకున్నా. సీపీయూ 80 శాతం దాటిందని రాత్రి రెండింటికి ఒకటే మోత, చూస్తే నా బ్యాకప్పే. వారం తిరక్కుండా అలర్ట్‌లు వచ్చే టెలిగ్రామ్ గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. ఇప్పుడున్నవి మూడే. డిస్క్‌లో ఖాళీ 15 శాతం కంటే తగ్గి పది నిమిషాలు అలాగే ఉంటే ఒకటి. డేటాబేస్ సర్వీస్ పడిపోతే ఒకటి. దీనికి ఎక్స్‌పోర్టర్‌లో సర్వీసులు నడుస్తున్నాయో లేదో చూసే సిస్టమ్‌డీ కలెక్టర్ ఆన్‌లో ఉండాలి. ఇదే జోరున పోతే 24 గంటల్లో డిస్క్ నిండేలా ఉంటే మూడోది. గత ఆరు గంటల తీరు చూసి ఈ లెక్క కట్టడానికి ప్రిడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఉంది. బ్యాకప్ పడిన రాత్రల్లా ఇది ఉత్తినే అరిచేది. ఖాళీ 40 శాతం లోపు ఉన్నప్పుడే అని షరతు కలిపాక ఊరుకుంది.

అలర్ట్‌మేనేజర్ 0.24 వెర్షన్ నుంచి నేరుగా టెలిగ్రామ్‌కు పంపగలదు. గ్రూపుకైతే చాట్ ఐడీ ముందు మైనస్ గుర్తు ఉంటుంది. అది వదిలేసి ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

ఇంకో టెన్షన్ కరెంటు. ఓసారి గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా దిగిపోయి సర్వర్ ఆగింది. ఒక్క మెసేజ్ రాలేదు. ఎట్లా వస్తుంది? చెప్పాల్సినది ఆ సర్వర్‌లోనే ఉందాయె, మిల్లులో నెట్ కూడా లేదు. అందుకే ఎప్పుడూ మోగుతూనే ఉండే ఉత్తుత్తి అలర్ట్ ఒకటి రాసి, వెబ్‌హుక్‌తో (అంటే ఒక వెబ్ అడ్రస్‌కు) బయట ఉన్న హెల్త్‌చెక్స్ అనే ఆన్‌లైన్ సర్వీసుకు పంపుతున్నా. అది రావడం ఆగితే హెల్త్‌చెక్స్ నాకు చెప్తుంది. అలర్ట్‌మేనేజర్ మామూలుగా ఒకే అలర్ట్‌ను 4 గంటలకోసారి మళ్లీ పంపుతుంది, ఈ ఒక్కదానికి 5 నిమిషాలు చేయండి. హెల్త్‌చెక్స్‌లో 20 నిమిషాల గడువు పెట్టండి, లేకపోతే నెట్ కాస్త తడబడినప్పుడల్లా మోగుతుంది.

అంతా అయ్యాక పని లేని టైమ్ చూసి డేటాబేస్ సర్వీస్‌ను మీరే ఆపి, ఫోన్ మోగుతుందో లేదో చూడండి. గ్రూపులో ఇంకొకరిని కూడా పెట్టండి. మా దగ్గర రాత్రి సూపర్‌వైజర్ ఉంటాడు, నేను హైదరాబాద్ బస్సులో ఉన్నా అతను చూస్తాడు.

మీ ల్యాబ్ బ్యాకప్ కూడా అదే డిస్క్‌లో పడుతోందా? అయితే ఇవన్నీ వేసేముందు ఆ స్క్రిప్ట్ ఒకసారి తెరిచి, పాతవి తీసేసే లైను ఉందో లేదో చూడండి.