జింకల పార్కు పక్కన ప్లాటు: ఇల్లు కట్టుకోనిస్తారా?

ప్రశ్న: హయత్‌నగర్ వైపు, మహావీర్ హరిణ వనస్థలి నేషనల్ పార్కుకు దగ్గర్లో ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాను. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. పార్కు చుట్టూ 1 కిలోమీటరు వరకు ఏదీ కట్టకూడదని సుప్రీంకోర్టు చెప్పిందని ఇప్పుడు అంటున్నారు. నా డబ్బు పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పాఠకుడు

జవాబు: మీరు విన్నది సగం నిజం. నేషనల్ పార్కులు, అభయారణ్యాల చుట్టూ కనీసం 1 కిలోమీటరు ఎకో సెన్సిటివ్ జోన్ (పార్కు రక్షణ కోసం ఆంక్షలు పెట్టే చుట్టుపక్కల ప్రాంతం) ఉండాలని, అందులో కొత్తగా శాశ్వత కట్టడాలు కూడదని 2022 జూన్ 3న అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఊళ్లకు ఊళ్లే ఇరుక్కుపోయే పరిస్థితి రావడంతో 2023 ఏప్రిల్ 26న ఆ ఆదేశాన్ని సవరించింది. కేంద్ర పర్యావరణ శాఖ డ్రాఫ్ట్ లేదా ఫైనల్ నోటిఫికేషన్ ఇచ్చిన చోట, జోన్ ప్రతిపాదన ఆ శాఖకు చేరిన చోట ఈ కిలోమీటరు నియమం వర్తించదు. నోటిఫికేషన్‌లో జోన్ ఎంత అని ఉంటే అంతే. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కుకు అది 30 మీటర్లు కూడా లేదు.

ప్లాటు జోన్ బయట ఉంటే ఈ భయం అక్కర్లేదు. లోపల ఉన్నా భూమి మీ సొంతమే అవుతుంది, దాన్ని వాడుకునే తీరు మీదే ఆంక్షలుంటాయి. అసలు చిక్కు ఇక్కడే. ఈ నోటిఫికేషన్లలో సాధారణంగా కొత్త వాణిజ్య కట్టడాలను నిషేధిస్తారు, స్థానికులు తమ భూమిలో తమ కోసం ఇల్లు కట్టుకోవడానికి మాత్రం వీలుంచుతారు. వ్యవసాయ భూమిని నివాస స్థలంగా మార్చాలన్నా స్థానికుల అవసరం చూపించి, జోన్‌ను పర్యవేక్షించే మానిటరింగ్ కమిటీ సిఫారసు తెచ్చుకోవాలి. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న రైతు ఇంకో గది వేసుకుంటానంటే ఎవరూ పెద్దగా అడ్డుచెప్పరు. కానీ పొలం కొని, గజాల చొప్పున అమ్మే వెంచర్‌ను ‘స్థానికుల అవసరం’ అనడం కష్టం. అందులో బయటి నుంచి వచ్చి కొన్న మీరు స్థానికులా కాదా అన్న వాదన కూడా రావచ్చు. నన్నడిగితే ఆ నియమం సబబే. నగరం పార్కు గోడ దాకా వచ్చేసింది, కృష్ణజింకలు ఇంకెక్కడికీ పోలేవు.

అందుకని బిల్డర్ చెప్పే దూరాన్ని నమ్మకండి. మీ సర్వే నంబరు జోన్‌లోకి వస్తుందా అని అడుగుతూ అటవీ శాఖకు ఆర్టీఐ దరఖాస్తు పెట్టండి, నోటిఫికేషన్ కాపీ, మ్యాప్ కూడా అడగండి. లేఅవుట్ అనుమతి కాపీలో షరతులేమున్నాయో చదవండి. వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో ఆన్‌లైన్‌లోనే తెలుస్తుంది.

ఈ కాగితాలు చేతికి వచ్చేదాకా మిగతా సొమ్ము కట్టకండి, ఆ మాటే బిల్డర్‌కు రాతపూర్వకంగా తెలియజేయండి. ప్లాటు జోన్‌లో ఉందని తేలి, బ్రోచర్‌లో మాత్రం వెంటనే ఇల్లు కట్టుకోవచ్చని ఉంటే, రెరా చట్టం సెక్షన్ 12 మీకు అక్కరకొస్తుంది. తప్పుడు ప్రకటన నమ్మి అడ్వాన్స్ ఇచ్చినవారు ఒప్పందం నుంచి తప్పుకుంటే, కట్టిన సొమ్మును వడ్డీతో, పరిహారంతో తిరిగి ఇవ్వాలి. బ్రోచర్, రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా ఉంచుకోండి.