విద్యార్థి సంఘాలన్నీ ఒక్క జేఏసీగా నిలవాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న: జిల్లా కేంద్రంలో వామపక్ష విద్యార్థి సంఘాలైన ఎస్ఎఫ్ఐ, ఏఐఎస్ఎఫ్, పీడీఎస్‌యూ ఉన్నాయి, అంబేడ్కర్, బీసీ విద్యార్థి సంఘాలూ ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద ఎవరి ధర్నా వాళ్లదే. ముప్పై మంది దాటడం లేదు. అందరినీ ఒక ఉమ్మడి కార్యాచరణ కమిటీగా (జేఏసీ) కలపడం ఎలా? ఎంత విశాలంగా పోవచ్చు?

ముందు డిమాండు తేల్చుకోండి, సంఘాల్ని ఆ తర్వాత పిలవండి. చాలాచోట్ల ఇది తలకిందులుగా జరుగుతుంది. రౌండ్ టేబుల్ సమావేశమని ఫ్లెక్సీ కడతారు, వచ్చిన ప్రతి సంఘమూ తన డిమాండు కలుపుతుంది, సాయంత్రానికి పద్నాలుగు అవుతాయి. పద్నాలుగు డిమాండ్లంటే పద్నాలుగు ఆఫీసులు, ఎవరూ దేనికీ జవాబు చెప్పక్కర్లేదు.

"బకాయిలు వెంటనే విడుదల చేయాలి" అన్నది న్యాయమైన డిమాండే. కానీ ఆ డబ్బు రాష్ట్ర ఖజానా నుంచి రావాలి, మీ కలెక్టర్ చేతిలో లేదు. జిల్లాలో గెలవగలిగింది వేరే ఉంది: బకాయి సాకుతో ఏ కాలేజీ కూడా హాల్ టికెట్, టీసీ, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపకూడదు. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి ఆ ఉత్తర్వు కలెక్టర్ నుంచి రాబట్టడం మొదటి మెట్టు. పది మంది సర్టిఫికెట్లు చేతికొస్తే, రాష్ట్ర స్థాయి డిమాండుకి వంద మంది వస్తారు.

పిలుపుకి ముందే లెక్క చేతిలో ఉండాలి. ఏ కాలేజీకి ఎంత బకాయి, ఏ ఏడాదిది అని జిల్లా సంక్షేమ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఈలోపు విద్యార్థుల దగ్గర స్కాలర్‌షిప్ దరఖాస్తు స్టేటస్ స్క్రీన్‌షాట్లు, కాలేజీ డబ్బు కట్టించుకుని ఇచ్చిన రసీదులు సేకరించండి. యాభై రసీదులు ముందు పెడితే అధికారి మాట మారుతుంది.

ఇక ఒప్పందం. ఒక్క పేజీ చాలు, అందరూ సంతకం పెట్టాలి. డిమాండు, కార్యక్రమం తేదీలు, వినతిపత్రం తర్వాత ఎన్ని రోజులు ఆగాలి, చర్చలకి ఎవరు వెళ్తారు, ఇవి ఉంటే చాలు. సిద్ధాంత చర్చ ఆ పేజీలోకి రానివ్వకండి. ఈ జేఏసీ బయట ఎవరి విమర్శ వాళ్లు చేసుకోవచ్చని కూడా రాయండి. లేకపోతే మూడో రోజే "మా పార్టీని పత్రికలో తిట్టారు" అని ఒకరు లేచిపోతారు. పీడీఎస్‌యూ పేరుతో ఒకటి కన్నా ఎక్కువ సంఘాలున్నాయి. ఒకరిని పిలిచి ఇంకొకరిని మరిచిపోతే మొదటి రోజే బెడిసికొడుతుంది.

జేఏసీలు విరిగేది పెద్ద విషయాల మీద కాదు, కరపత్రం అడుగు భాగంలో. అక్కడ ఎవరి పేరు ముందుండాలి? అకారాది క్రమమని ముందే తేల్చేయండి. ఉమ్మడి బ్యానర్ ఏ సంఘం జెండా రంగులోనూ ఉండకూడదు. జెండాలు తెస్తే అందరివీ ఒకే సైజు, సంఘానికి ఐదు. కన్వీనర్ వారం వారం మారాలి. మైకు మనిషికి మూడు నిమిషాలు, మొదట సర్టిఫికెట్ ఆగిన విద్యార్థికి. ప్రెస్‌నోట్ ఒక్కటే వెళ్లాలి. విడివిడిగా పంపితే మర్నాడు పేపర్లో నాలుగు వార్తలొస్తాయి, నాలుగూ చిన్నవే.

ఎంత విశాలంగా పోవాలని అడిగారు. డిమాండు మీద సంతకం పెట్టే ఎవరినైనా రానివ్వండి. 1936 ఆగస్టులో లక్నోలో ఏఐఎస్ఎఫ్ పుట్టిన మహాసభని నెహ్రూ ప్రారంభించారు, జిన్నా అధ్యక్షత వహించారు. 2000లో పెంచిన కరెంటు ఛార్జీలు తగ్గించాలని తొమ్మిది వామపక్షాలు ఒక్కటైతే కాంగ్రెస్ కూడా పోరాటంలోకి దిగింది. ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలు పోయాయి. అంత జనం కదిలింది ఇంటికొచ్చే బిల్లు మీదే. ప్రతిపక్ష పార్టీ విద్యార్థి విభాగం దీన్ని ప్రభుత్వాన్ని దించే సభగా మార్చాలని చూస్తుంది, అధికార పార్టీది వినతిపత్రంతో ముగిద్దామంటుంది. ఇద్దరికీ మందు ఆ సంతకాల పేజీయే. మతం పేరుతో విద్యార్థుల్ని విడదీసే సంఘంతో ఉమ్మడి వేదిక వద్దనే నా అభిప్రాయం, దళిత, మైనారిటీ విద్యార్థులు దూరమవుతారు. ఆ సంఘంలోని కుర్రాడు తన సర్టిఫికెట్ కోసం వస్తే మాత్రం అతని పేరు జాబితాలో రాయాల్సిందే.

అసలు బలం సంఘాల్లో లేని విద్యార్థులది. ఐదు సంఘాలు కలిస్తే ఐదు ముప్పైలు, నూట యాభై మంది. అదే పన్నెండు సెక్షన్లున్న ఒక్క కాలేజీలో సెక్షన్‌కి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి చొప్పున ఇరవై నలుగురు ప్రతినిధులుంటే ఆరేడు వందల మందికి మాట చేరుతుంది. వాళ్లని క్లాసులోనే చేతులెత్తి ఎన్నుకోవాలి, సంఘం నియమించకూడదు. సమావేశం రాత్రి ఏడింటికి పెడితే అమ్మాయిలు రాలేరు, హాస్టల్ గేటు మూసేస్తారు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి బస్సు పోతుంది. సాయంత్రం నాలుగింటికి, కాలేజీకి దగ్గర్లో, నలభై నిమిషాల్లో ముగించండి.

పోలీసుల సంగతి దాచకుండా చెప్పండి. అనుమతి కోరే దరఖాస్తు మూడు రోజుల ముందు స్టేషన్లో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. జిల్లాలో పోలీసు చట్టం సెక్షన్ 30 (సభలు, ఊరేగింపుల మీద ఆంక్షలు) అమల్లో ఉందేమో కనుక్కోండి. జనం గుమిగూడకుండా నిషేధించే పాత 144 ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163, ముందస్తు అరెస్టుల పాత 151 ఇప్పుడు 170. కేసు పెడితే పాస్‌పోర్టు, ఉద్యోగ విచారణల్లో ఇబ్బంది రావచ్చు. అందుకే కలెక్టరేట్ గేటు ముందు కూర్చునేవాళ్లు తెలిసి, ఒప్పుకుని కూర్చోవాలి. ఫస్టియర్ పిల్లల్ని ముందు వరసలో పెట్టకండి. లాయర్ నంబరు ప్రతినిధులందరి ఫోన్లలో ఉండాలి.

చర్చలకి ఒక్కరే వెళ్లకూడదు. ఐదుగురు వెళ్లాలి, ఇద్దరు క్లాసు ప్రతినిధులు. లోపల ఏదీ ఒప్పుకోకుండా, అధికారి మాట రాతపూర్వకంగా తీసుకుని, బయట కూర్చున్నవాళ్లకి చదివి వినిపించాకే విరమణ. "కలెక్టర్ హామీ ఇచ్చారు" అని మెట్ల మీద ఒక నాయకుడు ప్రకటించేస్తే, తర్వాతి పిలుపుకి ఎవరూ రారు.

చందాలకి నంబర్లున్న రసీదు పుస్తకం ఒకటి, లెక్క చూసేవాళ్లు రెండు వేర్వేరు సంఘాల వాళ్లు. డిమాండు నెరవేరాక సమావేశం పెట్టి ఆ లెక్క చదివి, మిగిలిన డబ్బు ఏం చేయాలో అక్కడే తేల్చి, జేఏసీని ముగించండి. క్లాసు ప్రతినిధుల జాబితా మాత్రం కొట్టేయకండి, బకాయిల డిమాండు ఇంకా మిగిలే ఉంది.