ఆ ‘బాక్స్’ ఏమిటి?

సందేహం: మా ఆఫీసు మీటింగుల్లో ‘థింక్ అవుట్‌సైడ్ ద బాక్స్’ అని తరచూ అంటారు. ఈ బాక్స్ ఏమిటి? తెలుగులో ‘పెట్టె బయట ఆలోచించు’ అనవచ్చా?

సమాధానం: అనకండి. తెలుగువాడికి అది బొత్తిగా అర్థం కాదు. ఇక్కడ బాక్స్ అంటే చుక్కల చుట్టూ మనం ఊహించుకునే చదరం.

ఈ మాట ఒక పాత పజిల్‌తో ముడిపడి ఉంది. ముగ్గుకు పెట్టినట్టు మూడు చుక్కలు, మూడు వరుసలు పెట్టండి. పెన్ను ఎత్తకుండా, నాలుగే తిన్నని గీతలతో తొమ్మిది చుక్కలనూ కలపాలి. అయిదు గీతలైతే ఎవరైనా కలిపేస్తారు. నాలుగు అనేసరికి చిక్కు. ఎడమవైపు పై చుక్క దగ్గర మొదలుపెట్టి నిలువుగా కిందికి రండి. మూడో చుక్క దగ్గర ఆగకుండా, నాలుగో చుక్క ఉంటే ఎక్కడ ఉండేదో అక్కడిదాకా లాగండి. అక్కణ్ణుంచి ఏటవాలుగా కుడివైపు పైకి వెళ్తే దారిలో రెండు చుక్కలు కలుస్తాయి. ఆ గీతను పై వరుసకు సమానంగా వచ్చేదాకా, చుక్కలు దాటి బయటికి లాగండి. తర్వాత పై వరుస మీదుగా మొదలుపెట్టిన చోటికి వచ్చి, నడిమి చుక్క మీదుగా కుడివైపు కింది మూలకు దిగితే సరి. చుక్కల హద్దు దాటకూడదని ఎవరూ షరతు పెట్టలేదు, మనమే పెట్టేసుకుంటాం. జాతీయంలోని అసలు విషయమంతా ఇదే. ఏ కొత్త ఐడియానైనా ‘అవుట్ ఆఫ్ ద బాక్స్’ అనేస్తే ఈ అర్థం జారిపోతుంది.

అమెరికా పజిళ్ల రచయిత శామ్ లాయిడ్ పేరిట 1914లో, ఆయన చనిపోయాక, కొడుకు అచ్చువేసిన సంకలనంలో ఈ పజిల్ ఉంది. జాతీయం మాత్రం 1970ల నుంచి మేనేజ్‌మెంట్ శిక్షణ తరగతుల ద్వారా బాగా పాకింది.

మరి తెలుగులో? ‘భిన్నంగా ఆలోచించు’ అంటే తప్పు లేదు గానీ, దేన్ని దాటాలో అందులో లేదు. నాకు నచ్చేది ‘మూస’. కరిగిన లోహం పోసి అచ్చు తీసే మూస నుంచే మూస కథ, మూస ధోరణి వంటి మాటలు వాడుకలోకి వచ్చాయి. ‘ఈసారి మూస వదిలి ఆలోచించండి’ అంటే మీ మీటింగులో అందరికీ తెలుస్తుంది. మనకు మనమే గీసుకున్న హద్దు అని నొక్కి చెప్పాలనుకుంటే ‘గిరి గీసుకోకుండా ఆలోచించండి’ అనండి, ఆ పజిల్‌కు ఇదే ఇంకా దగ్గర.