బుట్టలో నోట్లు, అద్దం ముందు గుమస్తా

అమ్మాయీ,

నీ నవల కట్ట అందింది. చదవడానికి మూడు రోజులు పట్టింది. నా కళ్ళు మునుపటిలా లేవు, పైగా నువ్వు ప్రింటు తీయించిన అక్షరం చీమ తలకాయంత ఉంది. ఉత్తరంలో నన్ను "మాస్టారూ" అన్నావు. నేను మాస్టారిని కాను, ముప్పై రెండేళ్ళు ట్రెజరీలో జీతాల బిల్లులు చూసిన గుమస్తాని. అది గుర్తుంచుకుని మిగతాది చదువు. నా కోపమంతా అక్కణ్ణుంచే వస్తుంది.

మూడో అధ్యాయంలో నీ బెర్లిన్ పోస్టాఫీసు గుమస్తా జీతం నోట్లు బుట్టలో మోసుకెళ్ళి రొట్టె కొంటాడు. నాలుగో అధ్యాయం మొదలయ్యేసరికి హిట్లర్ ఛాన్సలర్, అంటే జర్మనీ ప్రధాని, అయిపోయాడు. అక్కడ కట్ట పక్కన పెట్టి మంచినీళ్ళు తాగాను. తల్లీ, ఆ రెండు అధ్యాయాల మధ్య పదేళ్ళున్నాయి! నోట్లు చిత్తుకాగితాలైంది 1923లో. హిట్లర్ గద్దెనెక్కింది 1933 జనవరి 30న.

1923 నవంబరులో డాలరుకి 4.2 లక్షల కోట్ల మార్కులు. 5,000 కోట్ల మార్కుల తపాలా బిళ్ళ కూడా వచ్చింది. నీ హీరో ఆ కౌంటర్లోనే కదా కూర్చునేది, ఒక్క స్టాంపైనా అతని చేత అమ్మించలేదేం? ఆ నెలలోనే కొత్త మార్కు తెచ్చి, పాతవి లక్ష కోట్లిస్తే కొత్తది ఒకటి అన్నారు. జ్వరం దిగింది. దాచుకున్నవాళ్ళ పొదుపంతా ఆవిరైన మాట నిజమే, ఆ కడుపుమంట తర్వాత పనికొచ్చిన మాటా నిజమే. కానీ 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చింది నూటికి 2.6 ఓట్లు, 12 సీట్లు. బుట్టలో నోట్లు చూసి జనం హిట్లర్ వెంట పడ్డారన్నది, ఎవరో చెప్పగా విని నువ్వు రాసేసిన కథ.

మరి జనం అతని వెంట పడింది ఎప్పుడు? ధరలు పెరిగినప్పుడు కాదు, తగ్గినప్పుడు. 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలి, అక్కడివాళ్ళు జర్మనీకిచ్చిన అప్పులు వెనక్కి లాక్కున్నాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1932 మొదటికి 60 లక్షల మందికి పని లేదు. రొట్టె చవకే, కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. బ్రూనింగ్ అనే ఛాన్సలర్‌కి పార్లమెంటులో మెజారిటీ లేదు కాబట్టి రాజ్యాంగంలో 48వ అధికరణం పట్టుకుని, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చేత సంతకం పెట్టించి, ఆర్డినెన్సులతో దేశాన్ని నడిపాడు. 1931 డిసెంబరు ఆర్డినెన్సుతో కార్మికుల వేతనాలు 1927 జనవరి నాటి స్థాయికి దించేశారు. సర్కారు ఉద్యోగులకు అప్పటికే పడ్డ కోతల మీద ఇంకో కోత. నీ గుమస్తా సర్కారు ఉద్యోగే. అతని జీతం ఎంతో, ఎంత తెగిందో, తెగాక ఇంట్లో ఏం మానేశారో రెండొందల పేజీల్లో ఒక్క చోట లేదు. హిట్లర్ మీసం మాత్రం నాలుగు చోట్ల ఉంది.

జీతం బిల్లులో కోత పడితే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. 1974లో మన దగ్గర, పెరిగిన డీఏలో సగం కంపల్సరీ డిపాజిట్ కింద పట్టుకున్నారు. ఆ లెక్కలు వేసిన చేతుల్లో నాదీ ఒకటి. ఒక అటెండరు నా బల్ల ముందు నిలబడి, "ఇది మళ్ళీ మాకు ఎప్పుడిస్తారండీ?" అని ప్రతి నెలా అడిగేవాడు. దాని మీద కథ రాశాను. అందులో ఆ మనిషి నెల ఖర్చు పైసలతో సహా ఒక పేజీ నిండా వేశాను. పేరున్న వారపత్రిక ఎడిటర్ గారు కథ వేసుకున్నారు గానీ, ఆ పేజీ మాత్రం ఎగరగొట్టారు. "పాఠకుడికి లెక్కలు ఎందుకండీ, బోర్" అని కార్డు ముక్క. ఆ పేజీ లేని కథ ఎలా ఉంటుందంటావు? ఒక మనిషి ఊరికే ఏడుస్తుంటాడు, ఎందుకో మనకు తెలీదు. ఆ ఎడిటర్ ఇప్పుడు లేరు, అయినా ఆ కార్డు నా దగ్గర భద్రంగా ఉంది. ఇప్పటివాళ్ళు ఆయన కంటే నయమేం కాదు. మొదటి పేరాలో తుపాకీ పేలాలట, దాన్ని "హుక్" అంటారట. నీ నవల కూడా తుపాకీ మోతతోనే మొదలైంది, ఎవరు నేర్పారో గానీ.

నాకున్న పిచ్చి ఒకటే, దాన్ని నీకూ అంటిస్తున్నాను. నియంత గురించి రాసేటప్పుడు నియంతను చూడకు. సంతకం ఎవరు పెట్టారో చూడు, ఎవరు పెట్టనన్నారో చూడు. 1922 అక్టోబరులో ఇటలీలో ముస్సోలినీ నల్లచొక్కాల వాళ్ళు రోమ్ చుట్టూ చేరితే, ప్రధాని ఫాక్టా మార్షల్ లా ఉత్తర్వు సిద్ధం చేశాడు. రాజు విక్టర్ ఇమాన్యుయేల్ సంతకం పెట్టలేదు. అంతే. ముస్సోలినీ మిలాన్‌లో రాత్రి రైలెక్కి, పడక మీద పడుకుని, తెల్లారి రోమ్‌లో దిగి ప్రధాని అయ్యాడు. నీ పుస్తకంలో అది గుర్రాలూ జెండాలతో యుద్ధంలా ఉంది.

హిట్లర్ కథా అంతే. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీలకు అంతకు ముందు జులైలో కంటే 34 సీట్లు తగ్గాయి. పార్టీ చేతిలో డబ్బు లేదు. అలా జారుతున్నవాణ్ణి పైకి లాగింది మాజీ ఛాన్సలర్ వాన్ పాపెన్, అతని చుట్టూ ఉన్న పెద్దమనుషులు. కేబినెట్‌లో హిట్లర్‌తో కలిపి నాజీలు ముగ్గురే, మనం చెప్పినట్టు వింటాడులే అనుకున్నారు. 1933 ఫిబ్రవరి 27న పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే ఆర్డినెన్సు, మళ్ళీ అదే 48, మళ్ళీ అదే హిండెన్‌బర్గ్ సంతకం. బ్రూనింగ్ అలవాటు చేసిన పెన్నే! మార్చి 23న అధికారమంతా హిట్లర్‌కి రాసిచ్చే చట్టానికి 444 ఓట్లు, వద్దన్నవి 94. ఆ 94 సోషల్ డెమోక్రాట్లవి. కమ్యూనిస్టు సభ్యుల్ని గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. 444లో బ్రూనింగ్ ఓటు కూడా ఉంది, దాని మీద ఒక్క అధ్యాయం రాయి.

ఇప్పుడు 47వ పేజీ. 1933 జులైలో సర్కారు ఉద్యోగులంతా చెయ్యెత్తి "హైల్ హిట్లర్" అనాలని ఉత్తర్వు వస్తుంది. నీ గుమస్తా రాత్రి అద్దం ముందు నిలబడి చెయ్యి ఎంత ఎత్తాలో చూసుకుంటాడు. కూతురు నవ్వుతుంది. అతను కూతుర్ని ఏమీ అనడు, వెళ్ళి కిటికీ తెర లాగుతాడు. నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, మా ఆఫీసు మొత్తాన్ని ఇందిరా గాంధీ ఇరవై సూత్రాల సభకి తోలారు. ఉపన్యాసం ఒక్క ముక్క నాకు అర్థం కాలేదు, మైకు పాడైంది. మా వరసలో చప్పట్లు కొట్టిన మొదటి చేతులు నావే. ఎవరూ కొట్టమనలేదు. నలభై ఏళ్ళుగా రాద్దామనుకుంటూ రాయలేకపోయింది నువ్వు నాలుగు వాక్యాల్లో రాశావు. నీకు ఎంత వయసు?

అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) అధ్యాయం తీసెయ్యమని అనను, తిరగరాయి. అక్కడ ముస్సోలినీ ఒక్కడే పిచ్చివాడు, మిగతా ప్రపంచం పాపం చూస్తూ ఉండిపోయింది అన్నట్టు రాశావు. ఊరికే ఏం చూడలేదు. 1935 అక్టోబరు 3న దాడి మొదలైతే, నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది గానీ ఆ జాబితాలో పెట్రోలు లేదు. సూయజ్ కాలువ మూయలేదు. ఇటలీ సైనికుల ఓడలు ఆ కాలువలోంచే సుంకం కట్టి మరీ వెళ్ళాయి. బ్రిటన్‌కీ ఫ్రాన్స్‌కీ హిట్లర్ మీద కాపలాకి ముస్సోలినీ కావాలి, అందుకు ఆఫ్రికాలో ఒక దేశం పోతే పోనీ. పైగా ఆఫ్రికాలో మిగతా నేలంతా ఎవరి చేతుల్లో ఉంది? ఇటలీ అక్కడ వాడిన మస్టర్డ్ గ్యాస్ అనే విషవాయువు సంగతి రాశావు, బాగుంది. 1936 జూన్ 30న చక్రవర్తి హైలే సెలాసీ జెనీవాలో మాట్లాడబోతే ఇటలీ విలేకరులు ఈలలు వేసి గోల చేశారు, అదీ వెయ్యి.

దాంతో పాటు ఉంగరాలు. 1935 డిసెంబరు 18న ఇటలీ అంతటా ఆడవాళ్ళు పెళ్ళి ఉంగరాలు తీసి యుద్ధనిధికి ఇచ్చారు, రాణి ఎలీనా ముందు ఇచ్చింది. బదులుగా ఉక్కు ఉంగరం. అంతకు ముందు ఏడాదే నోబెల్ అందుకున్న నాటకకర్త పిరాండెల్లో ఆ పతకం కూడా ఇచ్చేశాడు. మన రాతగాళ్ళ జాతి వాడే, ఏం చేస్తాం. మంగళసూత్రం తీసి ప్రభుత్వానికి ఇవ్వమంటే మన ఇళ్ళలో ఎవరు ముందు తీస్తారో, ఎవరు గిల్టుది ఇచ్చి అసలుది బియ్యం డబ్బాలో దాస్తారో ఆలోచించు. నువ్వు రాయాల్సిన ఆడమనిషి ఆ డబ్బా దగ్గర ఉంది.

పబ్లిషర్లెవరో చెప్పమన్నావు, వర్తమాన కాలంలో రాయొచ్చా అన్నావు, పేరు బాగుందా అన్నావు. మూడో అధ్యాయం బాగుచేశాక అడుగు.

కట్ట ఈ ఉదయం పోస్టులో వేశాను. 47వ పేజీ మాత్రం నా దగ్గరే ఉంది. జిరాక్స్ తీయించి అసలుది పంపిస్తాను, రెండు రోజులు ఆగు.