మూడు పొరల లేటెక్స్ పరుపుకి జిప్ కవర్: నేను రెండుసార్లు కుట్టించాక తెలిసినవి

78×60 అంగుళాల సైజులో మూడు పొరల లేటెక్స్ (రబ్బరు నురగ) పరుపు ఉందనీ, కవర్ జిప్ మూల దగ్గర విడిపోయిందనీ, రెడీమేడ్ కొనాలో కుట్టించాలో తెలియట్లేదనీ రాశారు. మా ఇంట్లోనూ అదే సైజు, రెండేసి అంగుళాల పొరలు మూడు. మేమూ మీలాగే విశాఖలోనే ఉంటాం కాబట్టి ఉక్కపోత, ఉప్పగాలి రెండూ తెలిసినవే. మొదటి కవర్ తప్పు కొలతతో కుట్టించాను. రెండోది నాలుగేళ్ళుగా హాయిగా ఉంది.

అందరూ ముందు బట్ట గురించి అడుగుతారు. నేనైతే ముందు జిప్ ఎంత మేర తెరుచుకుంటుందో చూడమంటాను. పొరల పరుపు కొనేదే తర్వాత పొరలు అటూ ఇటూ మార్చుకోవడానికి. మా ఆయనకి నడుం నొప్పి వచ్చినప్పుడు అడుగున ఉన్న గట్టి పొరని మధ్యలోకి తెచ్చి, మధ్య పొరని కిందికి వేశాం. తగ్గాక మళ్ళీ మార్చాం. ఇలా మార్చాలంటే కవర్ పూర్తిగా తెరుచుకోవాలి. ఈ సైజులో రెండంగుళాల లేటెక్స్ పొర ఒక్కోటి సుమారు 12 కిలోలు ఉంటుంది. బరువొక్కటే అయితే ఫరవాలేదు, చేతిలో నిలబడదు కూడా. తడిసిన బొంతలా ఎటు వంచితే అటు వాలిపోతుంది.

కాళ్ళ వైపు ఒక్క పక్కే జిప్ ఉన్న కవర్ అయితే, దిండుని గలేబులోకి దూర్చినట్టు ఈ పొరని లోపలికి తొయ్యాలి. దూరదు. లేటెక్స్ బట్టకి అతుక్కుని ఆగిపోతుంది, లోపలి మూలలు ఖాళీగా మిగులుతాయి. ఆ మూల సర్దుదామని నేను అంచు పట్టుకుని లాగితే బొటనవేలు దిగిన చోట రెండంగుళాలు చిరిగింది. నొక్కితే ఎంత దిట్టంగా అనిపించినా, అంచు పట్టి లాగితే లేటెక్స్ ఇట్టే చిరుగుతుంది. అందుకే పొరని ఇద్దరు కలిసి, అరచేతులు కింద పెట్టి, చాపలా చుట్టి మోయాలి.

కాబట్టి కనీసం మూడు వైపులా జిప్ ఉండాలి. నాలుగు వైపులా ఉంటే ఇంకా మంచిది. మూడు వైపులంటే మీ సైజుకి దాదాపు ఐదున్నర మీటర్ల జిప్, నాలుగు వైపులంటే ఏడు మీటర్లు. ఖర్చులో తేడా కొద్దిగానే ఉంటుంది, వాడకంలో తేడా మాత్రం చాలా ఉంటుంది. నాలుగు వైపులా తెరుచుకుంటే కింది భాగం పళ్ళెంలా మంచం మీదే ఉండిపోతుంది, పై భాగం మూతలా ఊడి వస్తుంది. పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి మూత వేసెయ్యడమే. ఉతకాలన్నా ఆ పై భాగం ఒక్కటీ తీసి మెషిన్‌లో వేస్తే సరిపోతుంది.

జిప్ కొనేటప్పుడు పళ్ళ సైజు నెంబర్ 5 ఉన్న రోల్ అడగండి. దిండ్లకి వేసే సన్న జిప్ ఈ బరువుకి ఆగదు. రన్నర్లు, అంటే జిప్‌ని మూసి తెరిచే బిళ్ళలు, రెండు వేయించండి. ఒకటి పాడైనా కవర్ పనికొస్తుంది. మీ జిప్ మూల దగ్గరే విడిపోయిందంటే బహుశా రెండు కారణాలు. మూలని పలక మూలలా కుట్టి ఉంటారు, కవర్ బిగువుగా కూడా ఉండి ఉంటుంది. జిప్ ఉన్నట్టుండి పక్కకి తిరిగితే ఆ మలుపులో పళ్ళు నోరు తెరుస్తాయి. మూలని గుండ్రంగా తిప్పి కుట్టమని టైలర్‌కి గట్టిగా చెప్పండి. జిప్ లోపలి వైపు వేలెడు వెడల్పు పట్టీ కూడా వేయించండి, అప్పుడు రన్నర్ నడిచేటప్పుడు లేటెక్స్‌ని కొరకదు. జిప్ అంచుకి సరిగ్గా మధ్యలో కాకుండా, కింది నుంచి ఒకటిన్నర అంగుళం పైన ఉంటే దుప్పటి ఎలాస్టిక్ దానికి రాసుకోదు.

ఇక కొలతలు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. బిల్లు మీద 78×60×6 అని ఉంటే అదే అంకె టైలర్‌కి ఇచ్చాను, మంచి ముతక కోరా బట్ట కొనిచ్చాను. కుట్టిన రోజు అతికినట్టు సరిపోయింది. మొదటి ఉతుకు తర్వాత ఎక్కించబోతే జిప్ జానెడు దూరంలో ఆగిపోయింది. బట్టని ముందు తడపలేదు. నూటికి ఐదు చొప్పున కుంచించుకున్నా 78 అంగుళాల్లో దాదాపు నాలుగు అంగుళాలు పోతాయి. ఇద్దరం మోకాళ్ళు ఆనించి ఎలాగో మూసేశాం. వారం తిరక్కుండా పరుపు నాలుగంచులూ పెనం మీద దోసె అంచు లేచినట్టు పైకి లేచాయి. పడుకుంటే డోలు తోలు మీద పడుకున్నట్టు గట్టిగా ఉంది. పై పొర మెత్తదే, కానీ బిగిసిన బట్ట దాన్ని దిగనివ్వట్లేదు. అప్పటిదాకా కవర్ అంటే పరుపుకి తొడుగు అనుకున్నాను. పరుపు మెత్తగా ఉండాలో గట్టిగా ఉండాలో కవర్ కూడా తేలుస్తుందని ఆ వారంలో తెలిసింది.

అందుకే బిల్లు చూడకండి. మూడు పొరలూ చదునైన చోట ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున టేపు పెట్టి కొలవండి. పొడవు, వెడల్పు రెండేసి చోట్ల, ఎత్తు నాలుగు మూలలా కొలవండి. మా పొరలు మూడూ ఒకే కొలతకి లేవు, వాటి మధ్య అర అంగుళం తేడా ఉంది. అన్నిటికన్నా పెద్ద కొలత తీసుకోండి. సాగని నేత బట్ట అయితే ముందు తడిపి ఆరేసి, పొడవు వెడల్పుల్లో అర అంగుళం వదులు ఇచ్చి కుట్టించాలి. సాగే అల్లిక బట్ట అయితే వదులు అక్కర్లేదు, ఉన్న కొలతే ఇవ్వండి. బట్ట పన్నా కూడా చూసుకోవాలి, పన్నా చాలకపోతే సరిగ్గా వీపు కింద అతుకు వస్తుంది.

మన ఊరికి ఏ బట్ట అంటే, నా ఓటు సాగే కాటన్ అల్లిక బట్టకే. బనియన్ బట్ట జాతిదే, కాకపోతే మందంగా ఉంటుంది. శరీరం ఎక్కడ దిగితే అక్కడ అదీ దిగుతుంది, గాలీ ఆడుతుంది. దట్టంగా క్విల్టింగ్ చేసిన కవర్ షాపులో చెయ్యి పెడితే చాలా బాగుంటుంది. కానీ లోపల పాలిస్టర్ దూది ఉంటే మే నెలలో వీపు కింద వేడి పట్టేస్తుంది. ఉన్ని వేసిన క్విల్టింగ్ చలి దేశాల్లో బాగా నడుస్తుంది, కానీ దాన్ని ఇంట్లో మెషిన్‌లో వేస్తే ముడుచుకుపోతుంది. ఇక్కడ మనం ఉతక్కుండా ఎన్నాళ్ళు ఉండగలం?

రెక్సిన్ మాత్రం వద్దు. లేటెక్స్ పొర నిండా కనిపించే చిన్న రంధ్రాలు తయారీలో అచ్చుకి ఉండే పిన్నుల వల్ల పడతాయి. పాల లాంటి రబ్బరు నురగ లోపలిదాకా సమానంగా వేడెక్కి గట్టిపడటానికి ఆ పిన్నులు పెడతారు. తర్వాత మనకి గాలి ఆడటానికీ ఆ రంధ్రాలే ఉపయోగపడతాయి. వాటి మీద రెక్సిన్ వేస్తే ఆ గాలి ఆగిపోతుంది. మా మామయ్యగారి మంచానికి తడి తగలకూడదని రెక్సిన్ వేశాం. వానాకాలంలో విప్పి చూస్తే అడుగున చెమ్మ, ముక్కిపోయిన వాసన. పిల్లలో పెద్దవాళ్ళో ఉంటే పల్చటి వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ దుప్పటి కింద విడిగా వేసుకోండి. జిప్ కవర్‌కి ఆ పని అప్పగించకండి.

ఎండ విషయం ఎవరూ చెప్పరు. కవర్ మారుస్తున్నప్పుడు పై పొరని మూడు వారాలు గోడకి ఆనించి ఉంచాం. కిటికీ ఎండ రోజూ ఒకే చోట పడేది. తీసి చూస్తే ఆ ఎండ పట్టీ మేర పసుపు రంగు తిరిగింది, వేలితో రాస్తే పైపొట్టు పొడిగా రాలింది. మిగతా అంతా చెక్కు చెదరలేదు. లేటెక్స్‌కి ఎండ శత్రువు. దూది పరుపులు ఎండలో వేసే అలవాటు మనకి ఉంది కదా, దీనికి ఆ అలవాటు పనికిరాదు. కవర్ బట్టని కూడా వెలుగుకి పెట్టి చూడండి, అవతలి వేళ్ళు స్పష్టంగా కనబడేంత పల్చగా ఉండకూడదు. కొత్త కవర్ వచ్చేదాకా పొరలని పాత దుప్పట్లో చుట్టి నీడలో పరిచి ఉంచండి.

మీది బాక్స్ కాట్ అయితే కింద ప్లైవుడ్ ఉంటుంది. అక్కడ కవర్ అడుగు భాగం గాలి ఆడే ముతక కాటన్ అయి ఉండాలి. కొందరు పరుపుతో వచ్చిన ప్లాస్టిక్ షీటునే అడుగున వదిలేస్తారు, మన తేమకి అక్కడే బూజు పడుతుంది. మేం ప్లైవుడ్‌కి వరసగా రంధ్రాలు వేయించాం. రెండు నెలలకోసారి జిప్ తీసి అడుగు పొర చెయ్యి పెట్టి చూస్తాం.

పొరలు మూడింటికీ విడివిడిగా బనియన్ బట్ట తొడుగులు వేయమని కొందరు అంటారు. నేను అలా వేయలేదు. లేటెక్స్ మీద లేటెక్స్ పెడితే జిగురు లేకుండానే పట్టు ఉంటుంది, మధ్యలో బట్ట వస్తే ఆ పట్టు కొంత పోయి పొరలు జరుగుతాయి. మూడింటినీ కలిపి ఒకే బనియన్ తొడుగులో ఉంచి, దాని మీద జిప్ కవర్ వేశాను. పై కవర్ ఉతుకులో ఉన్న రోజు కూడా లేటెక్స్ బయటపడదు.

మీ చెల్లెలు డల్లాస్‌లో ఫోమ్ పరుపు కవర్ కూడా ఇలాగే విప్పి ఉతుకుదామనుకుంటోందని చివర్లో రాశారు. ముందు ఆగమనండి. అమెరికాలో 2007 నుంచి పరుపులు మంటని తట్టుకోవాలనే కఠినమైన నియమం ఉంది. దాని కోసం కొన్ని ఫోమ్ పరుపుల్లో పై కవర్ కింద గాజు నారతో చేసిన తొడుగు వేస్తారు. అలాంటి పరుపుకి జిప్ ఉన్నా పై కవర్ తియ్యకూడదు. తీస్తే ఆ గాజు నార ఇల్లంతా పరుచుకోవచ్చు, అప్పుడు శుభ్రం చేసుకోవడం నరకం. లేబుల్ మీద 'గ్లాస్ ఫైబర్' అని ఉందేమో, కవర్ తీయవద్దని రాశారేమో చదివాకే జిప్ మీద చెయ్యి వెయ్యమనండి.

రెడీమేడా, కుట్టించడమా అంటే, పరుపు కొన్న కంపెనీ మీ కొలతకే విడి కవర్ అమ్ముతుంటే, అది మూడు వైపులైనా తెరుచుకుంటుంటే అదే తీసుకోండి. లేదంటే పరుపులు కుట్టే వాళ్ళ దగ్గరికే వెళ్ళండి. మామూలు టైలర్ మెషిన్ కింద ఇంత పెద్ద బట్ట తిప్పడం కష్టం. మేం రెండోసారి అలాగే కుట్టించాం.

ఎక్కించే రోజు పొరల పక్కన మార్కర్‌తో 'మెత్త', 'మధ్య', 'గట్టి' అని రాసుకోండి, చూపుకి మూడూ ఒకేలా ఉంటాయి. జిప్ పళ్ళ మీద కొవ్వొత్తి ముక్క ఒకసారి రుద్దండి. ఒకరు అరచేతిని బల్లపరుపుగా పెట్టి లేటెక్స్‌ని లోపలికి నొక్కుతూ ముందు నడవాలి, ఇంకొకరు వెనకే రన్నర్ లాగాలి. రన్నర్లు రెండూ మూలల్లో కాకుండా కాళ్ళ వైపు మధ్యలో కలిసేలా ఆపండి. మూలలో ఆపితే ఈసారి కూడా జిప్ అక్కడే విడిపోతుంది.